ముద్ర పడిన కార్డు

ముప్పై నాలుగేళ్ళపాటు ఊళ్ళో త్రాసులన్నీ ఆయన్ని చూసి వణికాయి. మనుషులెవరూ పెద్దగా వణకలేదు గానీ, ఆ లోటు త్రాసులు తీర్చాయి. తూనికలూ కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు కాబట్టి చుట్టాలూ ఇరుగుపొరుగూ ఆయన్ని 'తూనికలాయన' అనేవారు. ఎవరో ఒకసారి శుభలేఖ మీద కూడా అలాగే రాసేశారు. ఆయన వెళ్ళి భోజనం చేసి వచ్చాడు.

ఆ ఉద్యోగంలో పద్ధతి ఒకటుంది. షాపుకి వెళ్ళి, సంచీలోంచి ఇత్తడి రాళ్ళు తీసి త్రాసు మీద పెట్టి చూస్తారు. సరిగ్గా తూగితే సీసం బిళ్ళ మీద ముద్ర కొడతారు. ముద్ర పడిన త్రాసు జోలికి ఏడాదిదాకా ఎవరూ పోరు. తూగకపోతే మాత్రం వదలరు. సరయ్యేదాకా వారంవారం వచ్చి కూర్చుంటారు. తూనికలాయన తప్పుడు త్రాసుకి ముద్ర కొట్టిన పాపాన పోలేదు. సొంత అక్కయ్యగారి ఆయన మేకుల కొట్లో త్రాసు ఇరవై గ్రాములు తేడా ఉంటే, బావ అని కూడా చూడకుండా పక్కన పెట్టించాడు. అక్కయ్య రెండేళ్ళు మాట్లాడలేదు. పెళ్ళయినప్పటినుంచీ తనకి అంత ప్రశాంతంగా గడిచిన రెండేళ్ళు లేవని ఆయన భార్య అనేది.

ఆయన రిటైరైన రెండో ఏడు ఆవిడకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే కదా అని మూడురోజులు ఇంట్లో ఉన్న మాత్రలే వేశారు. నాలుగోరోజు పొద్దున్న ఆవిడ తలకింద దిండు తీసి ఆయనకిచ్చి, "ఈ బస్సు తడిసిపోయింది, ఎండలో పెట్టండి" అంది. ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

మెదడువాపు అన్నారు. ఇరవయ్యారు రోజులు ఆస్పత్రి. మనిషి దక్కింది. నడుస్తుంది, తింటుంది, నవ్వుతుంది. మాటలు మాత్రం ఎవరో గోనెసంచీ కింద కోసేసినట్టు కారిపోయాయి. బకెట్టు 'అది', కర్టెను 'అది', తలుపు కూడా 'అదే'. కొందరు మనుషులు కూడా ఆ సంచీలోంచే జారిపోయారని ఆస్పత్రి వాళ్ళు మెల్లగా చెప్పారు.

"నాన్నా, నిన్ను గుర్తుపట్టిందా?" అని వరండాలో కూతురు అడిగింది.

"లేకపోతే?" అన్నాడాయన.

అప్పటికి ఆవిడ ఆయన్ని చూసి, మంచం దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నది ఎవరా అన్నట్టు రెండుసార్లు నర్సు వైపు తిరిగింది. అయినా ఆడపిల్ల అప్పటికే ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉంది. ఇదొకటి కూడా దాని నెత్తిన ఎందుకని ఊరుకున్నాడు.

మాటలు నేర్పే డాక్టరమ్మ ఒకావిడ ఇంటికి పంపేముందు గట్టిగా చెప్పింది. "మొదటి ఆరు నెలలూ చాలా ముఖ్యమండీ. పోయినవాటిలో తిరిగొచ్చేవి ఎక్కువగా అప్పుడే వస్తాయి. ఇంట్లో వస్తువులు, ఇంట్లో మనుషులు, రోజూ చూపించి అడగండి. ఆరు నెలలు దాటాక నా దగ్గరికి పరీక్షకి తీసుకురండి."

కూతురిది కంటి ఆస్పత్రిలో అద్దాల నంబర్లు చూసే ఉద్యోగం. ఊరికి ఆ చివర ఉంటుంది. పొద్దుగూకులూ జనాన్ని "ఇది చదవండి, ఇప్పుడు చదవండి" అని అడగడం అలవాటైపోయిన పిల్ల కాబట్టి, ఆ ఆదివారమే తండ్రి ఫోన్లో ఒక కార్డుల యాప్ వేసింది.

"బొమ్మ చూపిస్తుంది నాన్నా. అమ్మ పేరు చెప్పాలి. చెప్పాక నువ్వు కింద మూడింట్లో ఒకటి నొక్కాలి. 'మర్చిపోయారు', 'కష్టంగా', 'సులువుగా'. మర్చిపోతే నిమిషంలో మళ్ళీ అడుగుతుంది, రేపు మళ్ళీ అడుగుతుంది. సులువుగా చెప్తే నాలుగురోజులు ఆగుతుంది. మళ్ళీ సులువుగా చెప్తే పదిరోజులు, తర్వాత నెల, అలా దూరం జరుగుతూ పోతుంది. తెలిసినవాటి జోలికి పోదు, తెలియనివాటినే పట్టుకుని వేధిస్తుంది."

"మీ అత్తయ్యలాగా అన్నమాట."

"జోకులు తర్వాత. నువ్వు నొక్కేవన్నీ నా ఫోన్లో కూడా కనిపిస్తాయి, తెలుసా? రోజూ చూస్తుంటాను."

ఇంటినిండా తిరిగి మూడువందల పన్నెండు ఫొటోలు తీశారు. దువ్వెన, చెంచా, గొడుగు, గొళ్ళెం. అద్దాల బీరువాలో ఉన్న బంగారు అంచు కప్పులు తీశారు. ఆ ఆరు కప్పులూ ఇరవై రెండేళ్ళుగా అతిథుల కోసం ఎదురుచూస్తున్నాయి. ఇంట్లోవాళ్ళు వాటిలో టీ తాగడం నిషేధం. ఒకసారి ఆయనకి నూటరెండు జ్వరంలో కూడా అడిగితే భార్య ఇవ్వలేదు. ఆయనకంటూ అంచు కాస్త పెచ్చు ఊడిన నీలం కప్పు ఒకటుండేది. దానికీ ఫొటో తీశారు.

చివరికి మనుషుల దగ్గరికొచ్చారు. కూతురు సెల్ఫీ తీసుకుంది. తూనికలాయన మాత్రం ఇలాంటివాటికి ఒక పద్ధతుండాలని, రిటైర్మెంటు రోజు వేసుకున్న కోటు తీసి వేసుకుని, తల దువ్వుకుని, గోడకి ఆనుకుని, నేరస్తుడిలా నిలబడ్డాడు.

"నీ కార్డుకి జవాబు ఏం రాయను? అమ్మ నిన్నెప్పుడూ పేరుపెట్టి పిలవలేదుగా."

"'ఇదిగో, మిమ్మల్నే' అనేది."

"అది పేరు కాదు నాన్నా."

"ముప్పై ఏళ్ళు దానికే పలికాను నేను."

"సర్లే, 'మా ఆయన' అని రాస్తున్నా."

మర్నాడు పొద్దున్నే హాల్లో బడి మొదలైంది. ఆవిడ బుద్ధిగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బకెట్టు రాలేదు, 'మర్చిపోయారు' నొక్కాడు. గొడుగు రాలేదు, నొక్కాడు. టీవీ రిమోటు చూపిస్తే ఆవిడ "కవరు" అంది. కొన్న రోజునుంచీ దాన్ని ప్లాస్టిక్ కవరులోంచి తీసినవాడు లేడు కాబట్టి ఆ జవాబు తప్పనడానికి ఆయనకి నోరు రాలేదు. కూతురి ఫొటో వచ్చింది. ఆవిడ మొహం దీపంలా వెలిగింది. "పాప!" అంది. ఇరవయ్యారేళ్ళ ఆ పిల్లని ఇంట్లో అలాగే పిలుస్తారు.

తర్వాత ఆయన ఫొటో వచ్చింది.

ఆవిడ ఫోను దగ్గరికి తీసుకుని చూసింది. కాస్త దూరం పెట్టి చూసింది. "ఎవరో పెద్దమనిషి" అంది మర్యాదగా. "కోటు బాగుంది."

"మళ్ళీ చూడు."

"చూశాను. మంచివారిలాగే ఉన్నారు."

ఆయన వేలు 'మర్చిపోయారు' మీదకి వెళ్ళి ఆగింది. అది నొక్కితే ఊరి ఆ చివర కంటి ఆస్పత్రిలో ఉన్న ఫోన్లో కూడా పడుతుంది. పాప గుర్తుంది, నాన్న లేడు. ఇంత చిన్న తెర మీద, ఎర్ర అక్షరాలతో. రేపో ఎల్లుండో ఎలాగూ గుర్తొస్తుందిలే, అప్పుడు లెక్క సరిపోతుంది అనుకున్నాడు. 'సులువుగా' నొక్కాడు. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ కొట్టని తప్పుడు ముద్ర ఇప్పుడు కొట్టాడు, అదీ తనమీదే.

రేపు ఆ కార్డు రాలేదు, ఎల్లుండీ రాలేదు. యాప్ ఆయన మాట నమ్మింది. ఐదోరోజు వచ్చినప్పుడు ఆవిడ, "ఈ పెద్దమనిషి మళ్ళీ వచ్చారే" అంది. ఇప్పుడు 'మర్చిపోయారు' నొక్కితే మొన్నటిది అబద్ధమని తేలిపోతుంది. మళ్ళీ 'సులువుగా' నొక్కాడు. ఆ తర్వాత పదిరోజులకి, ఆ తర్వాత నెలకి. మూడునెలలు దాటాక ఐదోసారి వచ్చినప్పుడు ఆవిడకి చూపించనే లేదు. దగ్గొచ్చినట్టు అటు తిరిగి నొక్కేశాడు. 'అద్భుతం! ఈ కార్డు ఇక ఐదు నెలల తర్వాత' అంది యాప్.

మిగతా కార్డుల విషయంలో ఆయన పాత ఇన్‌స్పెక్టరే. గొళ్ళేన్ని గొలుసు అంటే ఒప్పుకునేవాడు కాదు. అందుకే అవన్నీ వచ్చాయి. బకెట్టు వచ్చింది, కర్టెను వచ్చింది. మూడోనెలలో ఆవిడ సొంతంగా, ఎవరూ అడక్కుండా, "బకెట్టు కింద కారుతోంది, చూసుకోవద్దూ?" అని విసుక్కుంది. ఆ విసుగు విని ఆయన బాత్రూములోకి వెళ్ళి పంపు తిప్పి కాసేపు నిలబడ్డాడు.

కుటుంబం గ్రూపులో అప్పటిదాకా ఎవరి మనవడికి ఎంత శాతం వచ్చిందో మాత్రమే పెట్టేవారు. తూనికలాయన భార్య శాతం పెట్టడం మొదలుపెట్టాడు. డెబ్భై ఒకటి, ఎనభై మూడు, తొంభై నాలుగు. అక్కయ్య ఫోన్ చేసి, "తొంభై నాలుగా? మా మనవడికి తొంభై ఒకటేరా. ఏ పుస్తకం కొన్నావేంటి?" అంది.

ఈ సంతోషంలో ఒక చిన్న చిక్కుండిపోయింది. రెండోనెలలోనే ఒకరోజు ఆవిడ ఆయన్ని పరీక్షగా చూసి, "రోజూ మీరే అడుగుతారు. ఓపికగా చెప్తారు. మీరు మాస్టారా?" అంది. 'చెంచా' అనడానికి వారం పట్టిన మనిషి నోట అంత పొడుగు మాట వచ్చిందన్న సంబరంలో ఆయన తలూపేశాడు. ఆ రోజునుంచీ ఆయన మాస్టారు.

ఒకసారి ధైర్యం చేసి చెప్పి చూశాడు. "మాస్టారేమిటే, నేనే కదా మీ ఆయన్ని."

ఆవిడ బిత్తరపోయి లేచి గుమ్మం దగ్గరికెళ్ళి నిలబడింది. చదువు చెప్పే మనిషి అలాంటి మాట అనడం ఆవిడకి నచ్చలేదు. ఆ రోజు పాఠం జరగలేదు. అప్పటినుంచి పడగ్గది గడియ వేసుకోవడం కూడా మొదలుపెట్టింది. ఆయన పక్క హాల్లో సోఫా మీదికి మారింది. పాపం మాస్టారికి ఊళ్ళో ఎక్కడా గది దొరకలేదని ఆవిడే ఏదో సర్దిచెప్పుకున్నట్టుంది. ఒక దుప్పటి ఎక్కువిచ్చింది.

ఆదివారాలు కూతురొచ్చినప్పుడు, "మాస్టారూ, పాప వచ్చింది చూడండి" అనేది.

"అమ్మకి వెటకారం కూడా తిరిగొచ్చింది నాన్నా!" అని కూతురు మురిసిపోయేది.

"ఆఁ, వెటకారం ఎప్పుడో వచ్చేసింది" అనేవాడాయన.

ఐదోనెలలో సాయంత్రాలు ఆవిడకి కొత్త పనొకటి పట్టుకుంది. ఐదుంబావు కాగానే జుట్టు సరిచేసుకుని, నీలం కప్పు కడిగి బోర్లించి, బాల్కనీలో నిలబడేది. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇంటికొచ్చే వేళ ఐదున్నర.

"ఎవరికోసం?" అని అడిగాడు.

ఆవిడ నోరు తెరిచింది. చెయ్యి గాల్లో ఏదో పట్టుకోబోయినట్టు కదిలింది. "ఆయన..." అని ఆగిపోయింది. "మాస్టారూ, ఆయన వచ్చే వేళయింది. మీరు కాసేపు అలా వెళ్ళిరండి. ఇంట్లో ఎవరో ఉంటే ఆయనకి చిరాకు."

అది నిజమే. ఆయనకి చిరాకు.

మర్నాడు తూనికలాయన ఒక ఆలోచన చేశాడు. అటకమీది పాత సంచీ దించి భుజాన తగిలించుకుని, ఐదింటికే కిందికి దిగిపోయి, వీధి చివరిదాకా వెళ్ళి, సరిగ్గా ఐదున్నరకి మెట్లెక్కి బెల్లు కొట్టాడు. సంచీలో ఇత్తడి రాళ్ళు పూర్వంలాగే గణగణమన్నాయి. లోపల్నించి గబగబా అడుగులు వినిపించాయి. తలుపు తెరిచిన మొహంలో ఎంత వెలుగుందంటే, ఆయన ఒక్క క్షణం అన్నీ తీరిపోయాయనే అనుకున్నాడు.

"మీరా మాస్టారూ!" అంది ఆవిడ. వెలుగు తగ్గింది కానీ మర్యాద తగ్గలేదు. "మళ్ళీ వచ్చారే? ఏమైనా మర్చిపోయారా?"

"ఆఁ... గొడుగు" అన్నాడాయన.

ఆవిడ వెళ్ళి గొడుగు తెచ్చిచ్చింది. సరిగ్గా గొడుగే తెచ్చింది. పద్దెనిమిదిసార్లు తప్పు చెప్పి నేర్చుకున్న మాట మరి.

ఆరు నెలలు దాటి రెండు వారాలయ్యాక ముగ్గురూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. డాక్టరమ్మ బల్లమీద వస్తువులు పరిచి ఒక్కొక్కటీ అడిగింది. తాళం, కత్తెర, గంట, సబ్బు. అన్నీ టకటకా వచ్చేశాయి. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి మరీ మెచ్చుకుంది. కూతురు తండ్రి మోచెయ్యి పట్టుకుని నొక్కింది.

"ఇప్పుడు మనుషులు" అని డాక్టరమ్మ పక్కకి చెయ్యి చూపించింది. "ఈవిడ ఎవరు?"

"మా పాప."

"మరి ఈయన?"

"మాస్టారు."

కూతురు నవ్వింది. "ఎప్పుడూ ఇంతేనండీ, నాన్నని ఆటపట్టిస్తుంది."

డాక్టరమ్మ నవ్వలేదు. "మాస్టారు సరేనమ్మా. మరి మీ ఆయన ఎక్కడున్నారు?"

"ఆఫీసులో" అంది ఆవిడ. "ఐదున్నరకి వస్తారు. రోజూ చూస్తున్నాను..." అని ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈమధ్య రావడం లేదు."

కూతురు నవ్వు మొహం మీద ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే ఉండిపోయింది. తర్వాత ఫోను తీసి గబగబా వెతికింది.

"కాదండీ, చూడండి... 'మా ఆయన' కార్డు. ఐదుసార్లూ సులువుగా అనే ఉంది. నాన్నా? ఐదుసార్లూ చెప్పిందన్నావుగా?"

తూనికలాయన బల్లమీది సబ్బు వైపు చూశాడు. "నేనే నొక్కాను" అన్నాడు.

"ఎందుకు?"

"నువ్వు చూస్తావని."

"నేను చూసేది ఎందుకు నాన్నా? తెలియకపోతే తెలియలేదని నాకు తెలియాలనే కదా..." ఆ పిల్ల ఫోను బల్లమీద పెట్టేసింది.

డాక్టరమ్మ ఫోను తీసుకుని కార్డులన్నీ కిందిదాకా జరిపి చూసింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని ఆయనకి అనిపించింది. "బకెట్టు నూటపన్నెండుసార్లు అడిగింది ఇది. గొళ్ళెం తొంభై. మిమ్మల్ని ఐదుసార్లు అడిగింది. మీరు ఆవిడకి వచ్చేశారనుకుంది." ఫొటో పెద్దది చేసింది. "పైగా ఈ కోటులో ఉన్నది మీరని నేను కూడా పోల్చుకోలేకపోయాను."

"ఇప్పుడు మొదలుపెడితే?"

"మొదలుపెట్టండి. రాదని అనను. వస్తుందని మాట కూడా ఇవ్వలేను సార్. ఆ ఆరు నెలలూ అయిపోయాయి కదా."

ఆవిడ మాత్రం ముగ్గురినీ మార్చిమార్చి చూసి, తనవల్ల మాస్టారికి మాటొచ్చిందని అర్థం చేసుకుంది. "ఆయన బాగానే చెప్తారమ్మా" అని డాక్టరమ్మతో నెమ్మదిగా అంది. "నాకే వంటబట్టదు."

ఇంటికొచ్చాక కూతురు చాలాసేపు వంటింట్లో ఉండి, మొహం కడుక్కుని వచ్చి, తండ్రిని సోఫాలో కూర్చోబెట్టి కొత్త ఫొటో తీసింది. మాసిన బనీను, నుదుటి మీదికి తోసిన కళ్ళజోడు, చేతిలో నీలం కప్పు. పాత కార్డు తుడిచేసి ఇది పెట్టింది. వెళ్ళేముందు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "ఇప్పుడైనా నిజం నొక్కు" అంది. కోపంగా అనాలనుకుంది, అనలేకపోయింది.

వారంలో శాతం తొంభై నాలుగునుంచి తొంభైకి పడింది. ఒక్క కార్డు రోజుకి ముప్పైసార్లు తప్పితే పడదా మరి. గ్రూపులో పెట్టకపోయేసరికి అక్కయ్యే ఫోన్ చేసింది.

"ఏంట్రా, ఏమీ పెట్టట్లేదు? మార్కులు తగ్గాయా?"

"తగ్గాయి అక్కయ్యా. ఇప్పుడే సరిగ్గా తూగుతోంది."

"మా త్రాసు అప్పుడూ సరిగ్గానే తూగింది" అంది అక్కయ్య. ఆవిడ ఏదీ మర్చిపోయే రకం కాదు.

ఆ సాయంత్రం ఐదుంబావుకి ఆవిడ జుట్టు సరిచేసుకుని, నీలం కప్పు కడిగి, బాల్కనీలోకి కుర్చీ లాక్కుంది.

"మాస్టారూ, ఆయన వచ్చే వేళయింది."

"నేనూ కూర్చోనా? ఆయన వచ్చేదాకా."

ఆవిడ ఆలోచించింది. "కూర్చోండి. రోజూ ఎండలో ఎక్కడికెళ్తారు పాపం."

టీ చేసింది. ఆయన అలవాటుగా నీలం కప్పు అందుకోబోయాడు. ఆవిడ సుతారంగా ఆయన చేతిలోంచి దాన్ని తప్పించింది. "అది ఆయనది. ఇంకొకరు తాగితే ఊరుకోరు" అంది. అద్దాల బీరువా తెరిచి, బంగారు అంచు కప్పు ఒకటి తీసి, కొంగుతో తుడిచి, సాసరుతో సహా పట్టుకొచ్చి ఇచ్చింది.

ముప్పై ఏళ్ళ కాపురంలో తూనికలాయన ఆ కప్పులో టీ తాగడం అదే మొదలు. అంచు పెదవులకి చల్లగా, మరీ పల్చగా తగిలింది. ఇందులో తాగడానికి ఏమంత సుఖం లేదని, ఇన్నేళ్ళూ ఊరికే ఆశపడ్డానని ఆయనకి అర్థమైంది.

ఫోను తీశాడు. బనీను మనిషి తెరమీదికొచ్చాడు. ఆవిడ వంగి చూసింది.

"తెలియదు" అంది చివరికి.

ఆయన 'మర్చిపోయారు' నొక్కాడు. 'పర్వాలేదు. ఒక్క నిమిషంలో మళ్ళీ అడుగుతాం' అంది యాప్. ఇద్దరూ వీధిలోకి చూస్తూ ఆ నిమిషం కూర్చున్నారు. కింద ఎవరెవరో ఇళ్ళకి వస్తున్నారు. ఆవిడ ప్రతి తలనీ చూసి వదిలేస్తోంది.

ఫోను టింగుమంది. అదే బనీను, అదే కళ్ళజోడు, అదే కప్పు. ఈసారి ఆవిడ కప్పు మీద వేలు పెట్టింది. "ఇది నీలం కప్పు" అంది. వేలు అక్కడే ఉంచి, బల్లమీద బోర్లించిన కప్పుని చూసింది, మళ్ళీ ఫొటోని చూసింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఇది..." ఆయన మొదలుపెట్టాడు.

"ఉండండి మాస్టారూ" అంది ఆవిడ చెయ్యెత్తి, కళ్ళు ఫొటో మీదనుంచి తీయకుండా. "చెప్పకండి."

ఆయన చేతిలో టీ చల్లారిపోతోంది. తెర వెలుగు తగ్గబోతే వేలితో తాకి మళ్ళీ వెలిగించాడు.